ఎడం పక్క కుర్చీ

ఆ సాయంత్రం చిన్న డాక్టరమ్మ ఆసుపత్రి వెనక టీ కొట్టుకి వచ్చింది టీ కోసం కాదు, ఒక మనిషి మెడ ఎటు తిరుగుతుందో చూద్దామని.

ఆ మనిషి బస్సు డ్రైవరు. పక్షవాతం వచ్చి వార్డులో చేరాడు. వార్డంతా ఆయన్ని మావయ్యా అనే పిలుస్తుంది. కాలూ చెయ్యీ చాలామటుకు దారికొచ్చాయి. నోటికైతే మొదట్నుంచీ ఏ జబ్బూ లేదు. చిక్కల్లా ఎడం వైపుతోనే. కళ్లు భేషుగ్గా ఉన్నాయి గానీ, లోకానికి ఎడం వైపంటూ ఒకటుందన్న సంగతే మెదడు మర్చిపోయింది. చేరిన కొత్తలో కంచంలో కుడి సగం తినేసి ఇంకా వడ్డించమనేవాడు. కుడి చెంప గీసుకుని గడ్డం అయిపోయిందనేవాడు. అందుకే ఆ వార్డులో ఎవరైనా సరే ఆయన ఎడం పక్కకే వెళ్లి మాట్లాడాలి, మెడ తిప్పించాలి. అక్కడ వైద్యం అదే.

"ఈయన్ని ఇంటికి పంపాలా వద్దా నువ్వే తేల్చమ్మా. నువ్వేం చెబితే దానికే సంతకం పెడతాను" అన్నాడు పొద్దున పెద్ద డాక్టరు. డాక్టరు చదువు అయిపోయి వార్డులో పని నేర్చుకుంటున్న పిల్లకి ఇలాంటి బరువు నెత్తిన పడడం ఇదే మొదలు. కాగితం మీద పెట్టిన పరీక్షలన్నీ మావయ్య గట్టెక్కేశాడు. "గదిలో అందరూ బుద్ధిగానే ఉంటారు, కబుర్లలో పడ్డాక చూడు" అన్నాడు పెద్దాయన.

పంపాలనే ఉంది ఆమెకి. కానీ స్కూటరు తుడిచి ఉంచమని మావయ్య అప్పుడే ఇంటికి కబురు పెట్టాడు. ఎడం వైపు లేని మనిషి స్కూటరెక్కితే, ఎడం వైపు నుంచి రోడ్డు దాటే పిల్లల గతేమిటి?

అందుకని చడీచప్పుడు లేకుండా వచ్చి, ఆయనకి ఎడం పక్కనున్న కుర్చీలో కూర్చుంది. టీ కొట్టాయనకీ, సంచీ సర్దుకుని కూర్చున్న మావయ్య భార్యకీ నోటిమీద వేలేసి సైగ చేసింది. కుడి పక్కన, భార్యకి అవతల కూర్చున్న ఎలక్ట్రీషియను మాత్రం అప్పుడు టీలోకి ఊదుకుంటూ ఆ సైగ చూడలేదు. వాళ్ల నాన్నని నిన్ననే వార్డులో చేర్పించాడు.

"అంతా కుర్ర డాక్టర్లే వస్తున్నారు మావయ్యా. వాళ్లకేం తెలుసని?" అన్నాడతను దిగులుగా.

మావయ్య మొహం వెలిగిపోయింది. "ఏం భయం లేదబ్బాయ్. వాళ్లందరికీ ట్రైనింగిచ్చింది నేనే."

"మొదలెట్టారూ" అంది భార్య.

"నువ్వుండవే. చిన్న డాక్టరమ్మ ఉంది చూశావా, వచ్చిన మొదటి రోజు మోకాలి మీద కొట్టే సుత్తి తిరగేసి పట్టుకుంది. 'అమ్మాయ్, అది గరిటె కాదు, ఇటు తిప్పు' అన్నాను. తిప్పింది. కొట్టింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా కాలు లేచిన లేపుకి చెప్పు ఎగిరెళ్లి పైన ఫ్యానుకి తగిలింది. వార్డు కట్టినప్పట్నుంచీ తిరగని ఫ్యాను, గిర్రుమని తిరిగింది!"

"కెపాసిటర్ పోయుంటుంది మావయ్యా."

"పోయిన కెపాసిటరే తిరిగొచ్చింది!" బిస్కెట్ల పళ్లెంలోంచి ఒకటి తీసుకున్నాడు, కుడి పక్కనుంచి. "ఆ మాట ఊరంతా పాకింది. మర్నాడు పొద్దునకి ట్రైనింగు డాక్టర్ల క్యూ నా మంచం దగ్గర్నుంచి మెట్లు దిగి, గేటు దాటి, బస్టాండు దాకా పోయింది. బస్సులు ఆగిపోయాయి. మా డిపో మేనేజరు ఫోను చేసి బతిమాలాడు, నాయనా, త్వరగా నేర్పి పంపించెయ్యి అని."

"ఏం నేర్పావేంటి?" అన్నాడు టీ కొట్టాయన. ఆయన చూపు మాటిమాటికీ ఎడం పక్క కుర్చీ మీదికి పోతోంది.

"డ్రైవింగే! మెదడులో ఒక రోడ్డు తెగిందనుకో, బండి ఆపేస్తామా? సందులోంచి తిప్పుకుని పోతాం. అదే వైద్యమన్నాను. చక్రాల కుర్చీలన్నీ వరసగా కట్టించి, ముందు కుర్చీలో నేను కూర్చుని, చిన్న డాక్టరమ్మకి కండక్టరు విజిలిచ్చాను. వార్డు చుట్టూ ఒకటే ట్రిప్పు. చేరినప్పట్నుంచీ నోరు పెగలని పెద్దాయనొకడు ఉన్నాడు. డాక్టరమ్మ వెళ్లి టికెట్టు అనగానే ఏమన్నాడో తెలుసా? 'పాసుంది' అన్నాడు!"

ఎలక్ట్రీషియను పకాలున నవ్వాడు. చిన్న డాక్టరమ్మకీ నవ్వొచ్చింది, అరచేత్తో నోరు మూసుకుంది. పళ్లెంలో కుడి పక్కవి అయిపోయాయి. ఎడం పక్క రెండు బిస్కెట్లు అలాగే ఉన్నాయి.

"ఏవయ్యా, ఖాళీ పళ్లెం ముందు కూర్చోబెట్టావు, ఇంకో రెండు వెయ్యి" అన్నాడు మావయ్య.

ఆమె నవ్వు ఆగిపోయింది. భార్య సంచీ మీద చెయ్యి బిగించింది.

"తర్వాత?" అంది చిన్న డాక్టరమ్మ మెల్లగా. అలా పిలిస్తే తిరుగుతాడేమోనని ఆశ.

భార్యే అడిగిందనుకుని మావయ్య కుడి పక్కకే తిరిగి ఆవిడతో చెప్పాడు. "తర్వాతేముంది? మంచాలకి కూడా నడక వచ్చేసింది. పొద్దున్నే వాటంతటవే వరండాలో తిరిగొచ్చి, దుప్పటి దులుపుకుని నిలబడేవి. పెద్ద డాక్టరు కోటు విప్పి నా భుజాన కప్పాడు. ఇకనుంచి మీరే చూసుకోండి అన్నాడు. భుజాల దగ్గర బిగుతైంది, వద్దన్నాను."

"ఆయన కోటు నాలాంటి వాళ్లిద్దరికి సరిపోతుంది" అన్నాడు టీ కొట్టాయన.

"ఉతికాక కుంచించుకుపోయిందిలే. అసలైన పాఠం విను. రోగి ఎటు చూడడో అటే వెళ్లి కూర్చోవాలి. ఇది నేను నేర్పిందే. వాళ్లు అలా కూర్చునీ కూర్చునీ, ఇప్పుడు నా ఎడం పక్క ఎంత పదునెక్కిందంటే, చీమ పాకితే అడుగుల చప్పుడు వినిపిస్తుంది. అవతలి వీధిలో ఎడం పక్క ఇంట్లో ఎవరైనా ఆవలిస్తే నాకు నిద్రొస్తుంది. పైన విమానం పోతుంటే దాని ఎడం రెక్క మీద కాకి వాలిందనుకో, ఇక్కడ కూర్చుని హుష్ అంటాను, అక్కడది ఎగిరిపోతుంది! నాకు తెలీకుండా నా ఎడం పక్కకి దేవుడు కూడా రాలేడబ్బాయ్."

"ఆ డాక్టరమ్మ అంత గొప్పదైతే మా నాన్నని కూడా ఆవిడకే చూపిస్తాను. ఎక్కడుంటారు?"

"మేడ మీద. పెద్ద డాక్టరుకి పాఠం చెబుతోంది."

ఎలక్ట్రీషియను గ్లాసు కింద పెట్టి, ముందుకి వంగి, ఆయన్ని దాటి అవతలికి చూశాడు. పాపం, అతనికి నిజంగానే అర్థం కాలేదు. "మరి ఇందాకట్నుంచీ నీ ఎడం పక్కన తెల్లకోటేసుకుని కూర్చున్నావిడ ఎవరు మావయ్యా?"

టీ కొట్టాయన గిన్నెలో గరిటె తిప్పడం ఆపాడు. మావయ్య ముందు కుడికి చూశాడు. భార్య తల దించుకుంది. అప్పుడు మెడ మెల్లగా, తుప్పుపట్టిన గేటులా, ఎడమకి తిరగడం మొదలైంది. పళ్లెం దగ్గర ఆగింది. రెండు బిస్కెట్లు కనబడ్డాయి. ఇంకా తిరిగింది.

"ఎంతసేపైంది అమ్మాయ్ వచ్చి?"

"సుత్తి దగ్గర్నుంచీ ఉన్నాను మావయ్యగారూ. నేను తిరగేసి పట్టుకోలేదు."

ఆయన నవ్వలేదు. "ఇంటికి?"

ఆమె బిస్కెట్ల పళ్లెం వైపు చూసింది. "ఈ వారం కాదండీ. వచ్చే వారం మళ్లీ చూద్దాం. స్కూటరు సంగతి ఇప్పట్లో తలవకండి."

భార్య సంచీని బల్ల కిందికి నెట్టింది. ఆవిడ వదిలిన నిట్టూర్పు దిగులుతోనో, బరువు దిగినందుకో, టీ కొట్టాయనకి కూడా అంతుపట్టలేదు.

మావయ్య కుడి చేత్తో బల్ల అంచు పట్టుకుని, కుర్చీని కిర్రుమనిపిస్తూ ఆమె వైపుకి తిప్పుకున్నాడు. ఎడం పక్క బిస్కెట్టు ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టి, వెనకనున్న ఎలక్ట్రీషియనుతో అన్నాడు:

"చూశావా, ఎంత కుదురుగా కూర్చుందో! అడుగు, ఎవరి ట్రైనింగో."