బిందె నిండితేనే పని పూర్తి

1981 నవంబరు 9వ తేదీన, చేతిలో నియామక పత్రం, సంచిలో రెండు జొన్నరొట్టెలతో మన జలసేవా సంస్థ ఎల్లారెడ్డి కార్యాలయంలో గుమాస్తాగా అడుగుపెట్టిన శ్రీ దేవయ్య గారు, ముప్పై మూడేళ్ల నిష్కళంక సేవానంతరం, 2014 అక్టోబరు 31న పర్యవేక్షకులుగా పదవీ విరమణ చేస్తున్నారు. ఇన్నేళ్లలో వారు పెట్టిన సెలవులు తక్కువ, మాకు ఇప్పించినవి ఎక్కువ.

2009లో పదోన్నతిపై వారు కామారెడ్డికి వచ్చారు. అప్పట్లో చేతిపంపు బోరింగు చెడిందని ఎల్లారెడ్డిలో రాసుకున్న ఫిర్యాదు కామారెడ్డి మీదుగా జుక్కల్ వైపు తిరిగే మరమ్మతు బృందానికి చేరేసరికి, ఆ బోరింగు ఏ ఊరిదో కూడా మరిచిపోయేవాళ్లం. అందుకని 2012లో, రెండు కార్యాలయాలూ బృందాలూ ఒకే తెర మీద పనులు చూసుకునే సాఫ్ట్‌వేర్ చేయించాలని సంస్థ సంకల్పించి, ఎవరికేం కావాలో అడిగి జాబితా రాసే బాధ్యతను దేవయ్య గారికి అప్పగించింది. వారు అధికారులందరినీ కూర్చోబెట్టి, చాయ్ మీద చాయ్ తాగించి, నూట పన్నెండు అవసరాలను ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. బోరింగు విప్పే మనిషిని మాత్రం ఒక్కరినీ అడగలేదు.

సాఫ్ట్‌వేర్ వాడకంలోకి వచ్చిన నెలకే ఆ లోపం బయటపడింది. ఒక పనికి ‘పూర్తయింది’ అని నొక్కితే గానీ తర్వాతి పని కనిపించదు. అందుకే ఆ రోజు పనులన్నీ ముందే తెలియాలని మెకానిక్ బాలమల్లు పొద్దున్నే అన్నిటికీ నొక్కేసి, ఊళ్ల పేర్లు కాగితం మీద రాసుకుని జీపెక్కేవాడు. ఒకనాడు ఒక తండాకు వెళ్లే దారిలో జీపు మొరాయించింది. మర్నాడు అతన్ని పెద్దకొడప్‌గల్ పంపారు. మిగిలిపోయిన ఆ తండా పని తెర మీద పూర్తయినట్టే ఉండడంతో, అటువైపు ఎవరూ వెళ్లలేదు. నాలుగు రోజులు తండా ఆడవాళ్లు దూరపు చేనుబావి నుంచి నీళ్లు మోశారు. అయిదో రోజు ఆ తండాకు చెందిన పూలి, ఖాళీ బిందెతో బస్సెక్కి వచ్చి, దానిని దేవయ్య గారి బల్ల మీద పెట్టింది.

“సారూ, నీ కంప్యూటర్ల మా బోరింగు బాగైందట గద. గా నీళ్లు గిండ్ల పొయ్యి.”

మేము నవ్వు ఆపుకోలేకపోయాం. దేవయ్య గారు నవ్వలేదు. సిగ్గుతో లేచి, బాలమల్లును వెంటబెట్టుకుని అప్పుడే తండాకు బయల్దేరారు. ఆ తర్వాత మూడు వారాలు బృందంతోనే తిరిగారు.

“మీరు ముందుగాల అడిగితే చెప్తుంటి గద సారూ,” అన్నాడు బాలమల్లు. “ఆడోళ్ల బిందె నిండి, వాళ్లు సరే అన్నంకనే నేను సామాన్లు సదురుత.”

నూట పన్నెండు అవసరాలు కాస్తా పంతొమ్మిదయ్యాయి. పనిని ముగించే మాట ఫిర్యాదు చేసిన వారిదే కావాలన్నది అందులో మొదటిది. అలాగైతే పూర్తయిన పనుల లెక్క పడిపోతుందని పైవారు కోప్పడ్డారు. పదవీ విరమణకు రెండేళ్లే ఉన్నాయి, గొడవెందుకని మేమూ బతిమాలాం. “గిదొక్కటి లేకుంటే నేను సంతకం పెట్ట,” అని వారు కలం జేబులో పెట్టుకున్నారు. నెల రోజుల తర్వాత పైవారే దిగివచ్చారు. ఆనాడు మాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు.

గత వారం తెర మీద ఒక కొత్త పని కనిపించింది: ‘దేవయ్య సారును నెలకోసారి ఆఫీసుకు పిలవాలి.’ రాసింది బాలమల్లు, ఫిర్యాదుదారు పూలి. అది తీసేయమని దేవయ్య గారు స్వయంగా పూలికి ఫోన్ చేశారు.

“నిండు నూరేండ్లు గట్లనే ఉండనియ్యి సారూ,” అన్నదట.

ధర్మపత్ని శ్రీమతి కళ గారితో కలిసి దేవయ్య గారు ఆయురారోగ్యాలతో సుఖంగా ఉండాలనీ, ఆ ఒక్క పని మాత్రం ఎన్నటికీ పూర్తి కాకూడదనీ మనసారా కోరుకుంటున్నాం.