పారేయమన్న డిస్కు

తెర మీద 'డిస్కు కనబడలేదు' అని వస్తే, అది లేదనుకోవాలా, ఉన్నా యంత్రానికి కనబడడం లేదనుకోవాలా? ఇరవై ఏళ్లుగా నన్ను వదలని ప్రశ్న ఇది. ఎస్సై గారు అడగకపోయినా ఈ వాంగ్మూలంలో ముందు దీన్నే రాయమన్నాను.

నా పేరు అంబిక, భర్త నగేశ్, వయసు 44, ఎమ్మెస్సీ చదివాను. బాన్సువాడ బస్టాండు ఎదురుగా కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నాది.

10-6-2024 సోమవారం ఉదయం వర్ని వైపు తండా నుంచి రూప్లి వచ్చింది. ఆరేళ్ల కింద ఆమె ఎకరంన్నర పొలం కొన్నది. కాగితం రాసింది ఇక్కడి దస్తావేజుల లేఖరి ఆదిశేషయ్య గారు, అమ్మింది ఆయన బావమరిది. ఇప్పుడు అమ్మలేదంటున్నాడు. ఆమె దగ్గరున్న కాగితాన్ని చెదలు తినేశాయి. ఆయన కంప్యూటరులో స్కాన్ చేసి ఉంచిన నకలు ఇమ్మని అడిగితే, అది పాడైందని ఆదిశేషయ్య గారు పంపించేశారట.

"అక్కా, గా కాయిదం ఉన్నదా, లేదా? గంతే చెప్పు" అన్నది.

12వ తేదీ బుధవారం పదకొండు గంటలకు ఆదిశేషయ్య గారే నన్ను తన ఆఫీసుకు పిలిపించారు. తెర వెలుగుతోంది, కంప్యూటరు మాత్రం మొదలవడం లేదు. డబ్బా విప్పితే డిస్కుకు కరెంటు ఇచ్చే వైరు ఊడి వేలాడుతోంది. తగిలించి చూస్తానన్నాను, వద్దన్నారు. కొత్త డిస్కు అప్పటికే బల్ల మీద ఉంది. నేను డబ్బా విప్పకముందే బల్ల మీద ఉంది.

"అది చచ్చిపోయిందండీ. చచ్చినదాంతో మీకేం పని? అవతల పారేయండి" అన్నారు.

కొత్తది బిగించాను. పాతది పారేయలేదు, సంచిలో వేసుకున్నాను. రూప్లి అడిగిన మాట గుర్తుండే వేసుకున్నాను.

రెండున్నరకు దుకాణంలో తగిలించాను. మొదటిసారి కనబడలేదు. డేటా వైరు మార్చాను, కనబడింది. కాగితం ఉంది. రూప్లి వేలిముద్ర కూడా ఉంది, గీత దాటి కొంచెం పక్కకు పడింది. ప్రింటు తీసి ఆమె చేతికిచ్చాను. ఇంకెవరి కాగితమూ తెరవలేదు.

ఆ ప్రింటు సంగతి తెలిశాక ఆయన నా మీద దొంగతనమని ఫిర్యాదు ఇచ్చారు. డిస్కు చచ్చిందంటే నేను దొంగిలించిందేమిటి? బతికుందంటే చచ్చిందని ఎందుకన్నారు? రెండింట్లో ఏదో ఒకటి ఆయన చేత రాయించుకోండి. నేను తప్పయిందని చెప్పను. డిస్కు ఆయనకివ్వను, కోర్టు అడిగితే కోర్టుకిస్తాను.

వైరు ఆయనే ఊడబీకారని రాసుకోనా అని స్టేషన్ రైటర్ అడిగారు. వద్దన్నాను. పాత డబ్బాల్లో వైర్లు వాటంతటవే వదులవుతాయి, ఎలుకలూ లాగుతాయి. ఎన్నో చూశాను. ఇది ఊడిందో, ఊడదీశారో ఎంత ఆలోచించినా తేల్చుకోలేకపోతున్నాను.

పైనున్నదంతా నేనే చదువుకున్నాను. నేను చెప్పినట్టే ఉంది, అబద్ధం లేదు. పోలీసులకిచ్చే వాంగ్మూలానికి సంతకం అక్కర్లేదన్నారు. అయినా చేస్తున్నాను.

(సంతకం) అంబిక