బ్రహ్మస్థానంలో గుమ్మడికాయ

న్యూజెర్సీలో ఒక మొబైల్ హోమ్ పార్క్. దివాకర్ కొని, లోపలంతా మార్పించి, భాస్కర్ దంపతులకి బేరం కుదిర్చిన ఇల్లు. అతని లెక్కలో అది అమ్ముడైపోయినట్టే; ఇంజనీరు రష్మి సంతకం ఒక్కటే బాకీ. పక్కన భార్య చాముండేశ్వరి.

"అందుకే అంటున్నా, టేపులు పట్టుకుని కొలవడాలేం వద్దమ్మాయ్. ఇల్లు సేఫ్ అని బ్యాంకుకి ఒక లెటర్ పడేస్తే..."

"అబ్బా! నా తల!"

"అయ్యో తల్లీ, గుమ్మడికాయ! మీ నాన్న పొడుగే నీకూ వచ్చింది."

"ఇంటి నడిమధ్యలో గుమ్మడికాయేంటి ఆంటీ? గుమ్మానికి కదా కడతారు?"

"తెనాలి సిద్ధాంతిగారు చెప్పారమ్మా. స్తంభాలు తీసేశాక బ్రహ్మస్థానంలో దూలానికి వేలాడదీయమన్నారు. శాంతి అన్నమాట."

"ఏ స్తంభాలు?"

"ఏవో పాతవిలే. నువ్వు కిచెన్ చూశావా? గ్రానైట్ మామూలుది కాదు..."

"అంకుల్, ఏ స్తంభాలు?"

"మధ్యలో రెండుండేవి, అడ్డంగా. ఇంటి మధ్యలో బరువుంటే యజమానికి నడుం విరుగుతుందన్నాడు సిద్ధాంతి. వీడియో కాల్‌లో మూలమూలా చూపించాను."

"ఈ ఇల్లు ఫ్యాక్టరీ నుంచి రెండు ముక్కలుగా ట్రక్కుల మీద వచ్చిందని చెప్పారా?"

"ఆయన అడగలేదు."

"ఆ రెండు ముక్కలూ కలిసేది సరిగ్గా ఇక్కడే. పైకప్పుని ఈ దూలం మోస్తుంది, దూలాన్ని ఆ స్తంభాలు మోస్తాయి. మీరు నడుం కాపాడుకున్నారు, ఇంటి నడుం విరగ్గొట్టారు. ఈ అతుకుని మ్యారేజ్ లైన్ అంటారు."

"మ్యారేజా? మరి పెళ్ళికి స్తంభాలెందుకమ్మాయ్, ప్రేమ చాలదూ?"

"మన పెళ్ళిని ఇన్నాళ్ళూ ఎవరు మోశారనుకుంటున్నారు?"

"చాముండీ, నువ్వు మధ్యలోకి రాకు."

"నేను మధ్యలోనే నిలబడ్డాను."

"స్తంభాల బదులు ఏం పెట్టారు అంకుల్?"

"చెప్పింది కదా మీ ఆంటీ. గుమ్మడికాయ."

"పర్మిట్?"

"ముహూర్తం పెట్టించాం. దివ్యమైన ముహూర్తం."

"మరి సీలింగ్‌కి ఈ చివర నుంచి ఆ చివరకి ఈ తోరణమేంటి? అదీ ప్లాస్టిక్ మామిడాకులు."

"డెకరేషన్."

"ఆంటీ, ఆ స్టూలిలా ఇవ్వండి."

"కట్టిన తోరణం విప్పకూడదమ్మాయ్, దోషం!"

"విప్పను, జరుపుతా. ఇదేంటి?"

"గీత."

"నా వేలు దూరుతోంది అంకుల్, ఈ గీతలో."

"కలిసిన చోట గీత ఉండదూ? మ్యారేజ్ లైన్ అని నువ్వేగా అన్నావు! కింద సిమెంటు దిమ్మెలు చూశావుగా, చెక్కుచెదరలేదు."

"దిమ్మెలుంటే సరా అంకుల్, పైన స్తంభాలేవి? పీట ఉంది. పెళ్ళికొడుకే లేడు."

"ఇదిగో, రాఘవులు కూతురివని పిలిచాను. పార్సిప్పనీలో మీ నాన్నా నేనూ ఒకే రూమ్. నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మని హాస్పిటల్‌కి తీసుకెళ్ళింది నా కార్‌లోనే, తెలుసా?"

"ఆ కార్‌కి బ్రేకులు లేవని నాన్న ఇప్పటికీ చెప్తారు."

"చేరామా, లేదా?"

"భాస్కర్ వాళ్ళు ఎప్పుడు దిగుతున్నారు?"

"శనివారం. ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్‌కి నోటీసు కూడా ఇచ్చేశారు. చూశావా, నీ ఒక్క లెటర్ కోసం చంటిపిల్లతో భాస్కర్ భార్య సుమతి రోడ్డున పడుతుంది. ఆ పాపం నీకెందుకు?"

"పాప ఉయ్యాల ఎక్కడ వేస్తారట?"

"ఇక్కడే తల్లీ, ఈ దూలానికే. మీ అంకులే సలహా ఇచ్చారు."

"చాముండీ!"

"ఆదివారం మంచు పడుతుందంటున్నారు అంకుల్. పైకప్పు మీద అదంతా కూర్చుంటుంది."

"అమెరికాలో మంచు పడని ఇల్లుందా?"

"కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉన్నాయి. అది సరే, వచ్చినప్పటి నుంచీ చూస్తున్నా, మీరు గోడవారగానే తిరుగుతున్నారు. ఒక్కసారి కూడా మధ్యలోంచి నడవలేదు."

"బ్రహ్మస్థానం తొక్కకూడదు."

"అక్కడ పిల్ల పడుకోవచ్చా?"

"పిల్లలు దేవుళ్ళతో సమానం."

"నేను సంతకం పెట్టను. ఇవాళే జాకీలు పెట్టించి దూలం ఎత్తించండి, స్తంభాలు మళ్ళీ నిలబెట్టించండి. భాస్కర్‌కి నేనే ఫోన్ చేస్తాను."

"ఆగాగు, ఫోన్ లోపల పెట్టు. స్తంభాలు తీసి నెలయింది. కూలేదైతే ఈపాటికి కూలదూ? వెంట్రుకవాసి కదల్లేదు. నా మాట వద్దు, మీ ఆంటీని అడుగు. ఆవిడ అబద్ధమాడదు."

"ఇల్లు కదల్లేదమ్మా, ఒట్టు. ఆ గుమ్మడికాయే దిగుతోంది."

"దిగడమేంటి ఆంటీ?"

"కట్టినప్పుడు ఎవరి తలకీ తగిలేది కాదు. వారం తిరిగేసరికి ఈయన నుదుటికి తగిలింది. గొలుసులో ఒక లింకు వదిలేసి పైకి తగిలించాను. మళ్ళీ దిగింది, మళ్ళీ తగిలించాను. అప్పటి నుంచే ఈయన గోడవార నడక. మొన్న కూడా పైకి తగిలించాను, ఇవాళ చూడు, నీ తల పగలగొట్టింది. గొలుసు సాగుతోందన్నారు."

"ఎవరన్నారు?"

"మీ అంకులే."

"ఇనప గొలుసు ఆంటీ అది."

"అదే నేనూ అన్నాను. చైనా ఇనుము, సాగుతుందన్నారు. ఇదిగో, ఇందాక నాకు తగల్లేదు, ఇప్పుడు నా నెత్తి మీదికీ వచ్చేసింది, చూడండి..."

"చాముండీ."

"ఏంటండీ?"

"ఇలా బయటికి రా."

"వెంట్రుకవాసి కదల్లేదని ఇప్పుడేగా అన్నారు?"

"రమ్మంటుంటే! పరిగెత్తకు. మెల్లగా రా. ఆ తలుపు మాత్రం గట్టిగా వెయ్యకు."