కిర్‌స్టెన్ ఇచ్చిన బఠాణీలు

డెన్మార్క్‌లో ఒక ఆసుపత్రి తోట. జులై ఎండలో అతని చక్రాల కుర్చీ, పక్కన బెంచీ మీద ఆమె, ఇద్దరి మధ్య మూత తీయని సూపు డబ్బా. పెళ్లై ఏడు వారాలు.

“తోటమాలి కిర్‌స్టెన్ పెడితే పచ్చి బఠాణీలు తిన్నావట. నర్సు చెప్పింది.”

“నాలుగు కాయలే.”

“పదకొండు రోజులుగా నేను సూపు తెస్తుంటే ఒక్క చెంచా దిగలేదు నీకు.”

“ఆవిడకి డెబ్బై ఏళ్లు.”

“అయితే ఏంటట? నా మొగుడికి తినిపించాల్సింది నేను.”

“తినిపించలేదు. కాయలు నా ఒళ్లో పడేసి, కలుపు తీయడానికి అటు తిరిగింది. నేనే ఒలుచుకున్నాను.”

“నేనేం తప్పు చేశాను మరి?”

“నా నోటికేసే చూస్తావు. ఈ మందులతో నాకు మింగుడు పడనప్పుడల్లా నీ మొహం వాడిపోతుంది. ఇక ఎలా తినను?”

ఆమె బెంచీ మీద అటు తిరిగి కూర్చుంది.

“కలుపు ఎంతుందో చూడు. నీ కిర్‌స్టెన్‌కి పని చేతకాదు.”

“అవునా?”

“తేనెటీగలు కూడా ఉన్నాయి. వాటినే చూస్తుంటాను. ఇటు తిరగను.”

వెనకాల డబ్బా మూత చప్పుడయింది. చాలాసేపటికి అతని గొంతు వినిపించింది.

“ఉప్పు తగ్గింది.”

“రేపు వేస్తాలే,” అంది ఆమె, తేనెటీగలతో చెబుతున్నట్టు.