సన్నక్క వాకిలి

నలభై ఒక్క వేల ఆరు వందలు. నేను ఈ ఇసుకలోకి దిగిననాడు నా చేతిలో ఉన్నది అంతే నాయనా. అందులో ముప్పై ఎనిమిది వేలు మూడు చేతులు మారిన పాత జీపుకు పోయినాయి, మిగిలిన దాంట్లో ఒక పార, రెండు తాళ్లు, టైర్లలో గాలి చూసే మీటరు కొన్నా. ఇదంతా ఒక్క పూటలో పోగొట్టుకోవాలంటే ఈ చుట్టుపక్కల ఒకటే చోటుంది, అదిగో, ఆ చింతచెట్టు. అందరూ కూర్చోండి. డ్రైవర్లు ముందుకు రండి. బీడీలు తర్వాత కాల్చుకోవచ్చు.

ఆ చెట్టును చూడనివాడు మీలో ఎవడున్నాడు? ఐదు నిలువుల చెట్టు అది, ఇప్పుడు పైకి కనిపించేది తల ఒక్కటే, మిగతాదంతా ఇసుకలో ఉంది. నేల మీద నిలబడి చిటారుకొమ్మ కాయ కోసుకోవచ్చు, చేయి కూడా ఎత్తక్కరలేదు. అయినా కోసినవాడు ఉన్నాడా? మేకలు కూడా ఆ ఆకు ముట్టవు, ఎందుకో వాటినే అడగాల. ఆ చెట్టు కింద మన పాతూరు ఉంది. ఉండేదని చెప్పడం లేదు, ఉంది. గోడలు, గడపలు, రోళ్లు అన్నీ ఎట్లున్నవి అట్లే ఉన్నాయి, పైన ఇసుక ఉంది, అంతే తేడా.

మా తాతల కాలంలో ఆషాఢం గాలి లేస్తే హగరి ఏట్లో ఇసుకంతా ఊరి మీదికి వచ్చేదంట. అప్పుడు ఊరికి ఒక కట్టుబాటు ఉండేది. ఎవరి వాకిట్లో పడిన ఇసుకను వాళ్లే గంపకెత్తుకుని పొలిమేర రాయి దాకా మోసి అవతల పోయాల. పక్కింటి గడప మీదికి తోసినారో, ఇంక ఆ ఇంటికి నిప్పు ఇచ్చేవాళ్లు లేరు, నీళ్లు ఇచ్చేవాళ్లు లేరు. అట్లా మోసి మోసి, ఒక్కొక్క ఇల్లూ విసిగిపోయి, ఈడికి వచ్చి కొత్తూరు కట్టుకున్నారు. రానిది సన్నక్క ఒక్కతే. పెరట్లో చింతచెట్టు ఉంది, నా మొగుడు నాటిన చెట్టు, నేను రాను పొండి అనిందంట. మరి పోయినవాళ్ల ఇండ్లలో ఇసుక ఎవరెత్తాల? ఖాళీ ఇండ్లు నిండినాయి, నిండి, ఆ ఇసుకంతా దొర్లి ఆమె గడప మీదికి వచ్చింది. ఆమె ఊడ్చింది, మోసింది, మళ్లీ ఊడ్చింది. ఎన్నేండ్లు మోసిందో ఎవరికీ తెలీదు, ఎందుకంటే పోయి చూసినవాడు ఒక్కడు లేడు. ఒక ఆషాఢం తర్వాత చూస్తే ఇల్లు లేదు, ఆమె లేదు. చీపురు చప్పుడు మాత్రం ఉంది. స్స్... స్స్... మిట్టమధ్యాహ్నం, గాలి లేనప్పుడు.

ఇప్పుడు నా సంగతికి వస్తా. ఇరవై రెండేండ్ల కింద, నాకు నలభై తొమ్మిది, లారీ స్టీరింగ్ వదిలేసి వచ్చినా. తారురోడ్డు మీద టీ తాగడానికి ఆగిన కార్లవాళ్లు మన ఇసుక దిబ్బల్ని చూసి ఫోటోలు తీసుకోవడం రోజూ చూస్తూ ఉంటిని. ఒకరోజు లెక్క పెట్టినా, పొద్దున్నించి సాయంత్రానికి అరవై మూడు కార్లు. అందులో పదిమందికొకరు వచ్చినా చాలు గదా అనుకున్నా. జీపు నాది, స్టీరింగ్ మీది, నేను పక్కన కూర్చుని దారి చెప్తా, రెండు గంటలు ఎడారిలో నడపండి, తలకు నూరు రూపాయలు. ఇట్లా మొదలుపెడతానంటే నా పెండ్లాం లింగక్క, అప్పటికి పెండ్లయి ఇరవై ఆరేండ్లు, నా మొహం చూసి, నీకు ఇసుక అమ్మడం చేతకాక ఇసుకను చూపించి డబ్బులడుగుతావా మనిషీ అనింది.

అయితే దిబ్బల్లోకి పోయేదానికి దారి ఒక్కటే. ఎడమపక్క ఏటి ఊబి, కుడిపక్క కెంచప్ప మామ వేరుశెనగ చేను, నడుమ చింతచెట్టు పక్కన సందు. కెంచప్ప మామ అంటే అప్పటి మన ఊరి పెద్ద, ఆయన గట్టు తొక్కకుండా ఎవడూ అటు పోలేడు. నేను పోయి అడిగితే ఆయన అన్నాడు గదా, తిప్పన్నా, ఆ చెట్టు పక్కన చక్రం దొర్లితే అది కడుపు దాకా దిగిపోతాది, నా ఎరుకలో రెండు ట్రాక్టర్లు, ఒక లారీ దిగినాయి, నువ్వు మొండోడివి కాబట్టి ఒక మాట, మూడుసార్లు పోయి రా, మూడింట్లో ఒక్కసారి నా ఎద్దుల్ని సాయం అడిగినా గట్టు మీద ముళ్లకంచె వేస్తా, ఇంక జన్మలో ఆ దారి అడగొద్దు. సరే అన్నా. ఎందుకనకూడదు? దయ్యానికి భయపడి జీపును ఇంటి ముందర పెట్టుకుని దానికి పూలదండ వేయాల్నా?

రెండుసార్లు ఒంటరిగా పోయి వచ్చినా. టైర్లలో గాలి ముప్పై ఐదు నుంచి పద్దెనిమిదికి దించితే టైరు వెడల్పయి ఇసుక మీద పరుచుకుంటాది, అదీ కిటుకు, మీకు నేనే నేర్పినా గదా. మూడోసారికి బేరం తగిలింది. బళ్ళారి నుంచి ఫోటో స్టూడియో శాంతవీరప్ప, ఆయన భార్య, ఆయన అత్త నింగమ్మ. స్టీరింగ్ అల్లుడు పట్టుకున్నాడు. అత్త వెనక సీట్లో రొట్టెల గంప ఒళ్లో పెట్టుకుని, ఈయన స్కూటరే తిన్నగా తోలలేడు, నన్నెందుకు దీంట్లో ఎక్కించినారని దారి పొడుగునా సణుగుతానే ఉంది. సణిగి సణిగి, తలమీద తువ్వాలు కప్పుకుని నిద్రపోయింది.

చెట్టు దగ్గరికి వచ్చినాం. ఎండ నడినెత్తిన ఉంది. మెల్లగా, మెల్లగా, కాలు కదిలించొద్దు సామీ అని నేను చెప్తానే ఉన్నా, ఆయనకు ఆ చెట్టుతల చూసి ఏమనిపించిందో ఏమో, యాక్సిలరేటర్ మీద నిలబడినాడు. ఇంక చూడండి, వెనక చక్రాలు రెండూ గిర్రున తిరిగి, ఇసుకంతా చెట్టు మీదికి వానలాగా చిమ్మి, బండి దిగిపోయింది. కడుపు దాకా.

నేను దిగి పార తీసుకున్నా. తీసిన ఇసుక యాడ వేయాల? పల్లం ఎటుంటే అటే గదా, చెట్టువైపే పల్లం, అటే వేసినా. నలభై పారలు ఎత్తినా. చూస్తే గుంత ఎట్లుందో అట్లే ఉంది. గాలి లేదు, ఆకు కదల్లేదు. అనుమానమొచ్చి చక్రం పక్కన పుల్ల గుచ్చి గీత పెట్టినా, ఇంకో నలభై ఎత్తినా. గీత దగ్గర ఇసుక గీత దగ్గరే ఉంది. ఎనభై పారలు పోయినాయి, ఎనభై పారలు వచ్చినాయి. ఎవడైనా చెప్పండి, ఈ లెక్క యాడైనా కుదురుతుందా? అప్పుడు నా వీపు వెనకనుంచి ఒక ముసలి గొంతు, గట్టిగా కాదు, ఊరికే, ఇంట్లో మనిషి అడిగినట్లు అడిగింది. ఎవరి గడప మీద పోస్తున్నావురా?

నింగమ్మ లేచి వంకలు పెడుతోందనుకున్నా. నాకు అప్పటికే ఒళ్లు మండుతా ఉంది. గడప యాడుందో చూపించవ్వా, చూపిస్తే ఇంకోచోట పోస్తా అని విసురుగా అనేసినా. అని, నడుం ఎత్తి చూస్తే, నింగమ్మ సీట్లో తువ్వాలు కింద నోరు తెరుచుకుని గురక పెడతా ఉంది. ఆమె కూతురు నా మొహం చూసింది, నేను ఆమె మొహం చూసినా, ఇద్దరికీ వినిపించిందని ఇద్దరికీ తెలిసిపోయింది. శాంతవీరప్పను వెతికితే ఆయన జీపు టాపు మీద ఉన్నాడు. ఎప్పుడెక్కినాడో, ఎట్లెక్కినాడో ఈ రోజుకీ తెలీదు.

ఆ తర్వాత మొదలైంది. స్స్... స్స్... చెట్టుతల కాడినుంచి మా వైపుకు. మనిషి లేదు, చీపురు లేదు, ఇసుక మీద పుల్లల గీతలు మాత్రం పడుతున్నాయి, అర్ధచందమామలాగా, ఒకదాని పక్కన ఒకటి, పొద్దున్నే ఆడవాళ్లు వాకిలి ఊడిస్తే పడతాయి చూడండి, అచ్చం అట్లే. వచ్చి, వచ్చి, జీపు కుడి చక్రానికి ఒక బారెడు దూరంలో ఆగిపోయినాయి. ఆగిన చోట కొసలు కత్తితో కోసినట్లున్నాయి. చూపించమన్నా గదా, చూపించింది.

భయపడలేదా అంటే, పడినా, అబద్ధమెందుకు. కానీ ఆ భయంలోనే లెక్క దొరికింది. నేను విసిరింది ఆమె వాకిట్లోకి. ఆమె ఊడ్చి నా గుంతలోకి తోసింది. ఆమె వాకిట్లో ఆమె ఊడ్చుకుంటే అది దయ్యం పనా, ఇల్లాలి పనా? తప్పు ఎవరిది? కానీ తప్పు నాదైతే మాత్రం, దారి వదిలేసి పోవాల్నా? నేను ఆ గీతల ముందర నిలబడి గట్టిగానే చెప్పినా. సన్నక్కా, నీ వాకిలి నీదే, ఇంక ఒక్క చిటికెడు అటు పడదు. ఈ దారి నాది, దీన్ని నేను వదల్ను. నువ్వు ఊరొదిలి పోలేదు గదా, నేనూ పోను.

ఆ అరుపుకు నింగమ్మ లేచింది. సంగతి చెప్తే ఆమె భయపడుతుందనుకున్నా. ఆమెకు కోపమొచ్చింది, నా మీద. ఆమె పుట్టింది కూడా ఏటి ఒడ్డు ఊర్లోనే అంట. ఒకరి గడప మీద ఇసుక పోస్తావా, నిన్ను కన్నవాళ్లు ఇదే నేర్పినారా అని తిట్టి, రొట్టెల్ని టాపు దిగిన అల్లుడి ఒళ్లో కుమ్మరించి, గంప నా మొహాన కొట్టింది. పొలిమేర రాయి కొస అరవై అడుగుల దూరంలో బయటికి కనిపిస్తా ఉంటాది గదా, ఆడికి మోసినాం. నేను ఎత్తడం, ఆ ముసలామె, ఆమె కూతురు మార్చి మార్చి మోయడం. ముప్పై నాలుగు గంపలు. ఒక్క గంప కూడా వెనక్కి రాలేదు. ముప్పై ఐదోది ఎత్తేలోపల చక్రం కింద గట్టి నేల తగిలింది, నేను స్టీరింగ్ పట్టుకున్నా, బండి పిల్లిలాగా బయటికి వచ్చింది.

పొద్దు వాలేటప్పటికి గట్టు దగ్గరికి వస్తే కెంచప్ప మామ ఎద్దుల్ని కాడికి కట్టుకుని మరీ కూర్చుని ఉన్నాడు. నేను హారన్ కొడుతూ ఆయన ముందరే పోనిచ్చినా, ఎద్దులు బెదిరినాయి. తర్వాత దిగి పోతే, ఆయన కంచె మాట ఎత్తలేదు. ఆమె నీతో మాట్లాడిందా అని అడిగినాడు. మాట్లాడింది మామా అన్నా. మా ఇంటి పేరు చెప్పిందా అన్నాడు. లేదన్నా. అప్పుడు చెప్పినాడు, ఊరొదిలిన మొదటి ఇల్లు వాళ్లదే అంట, గాలికి ఎదురుగా, సన్నక్క ఇంటికి ఆనుకుని. ఆమె గడప మీద పడిన మొదటి ఇసుక వాళ్ల తాత ఎత్తని ఇసుక. ఆ మాట చెప్పి, కాడి విప్పి, ఎద్దుల్ని తోలుకుని పోయినాడు. మళ్లీ ఆ దారికి అడ్డం రాలేదు.

ఆనాటినుంచి మన జీపులకు ఒక కట్టుబాటు. చెట్టుకు ఏడడుగులు ఎడం. పోయిన ప్రతి బండీ రెండు గంపల ఇసుక రాయి అవతల పోసి రావాల. చిక్కుకున్నా చిక్కుకోకపోయినా. ఇరవై రెండేండ్లు, ఒక్క జీపు కడుపు దాకా దిగలేదు.

ఇప్పుడు మీరొచ్చి చెప్తున్నారు, వారం నుంచి చీపురు గీతలు దారికి అడ్డంగా పడుతున్నాయి, ఏడడుగులు దాటి, ఊబి అంచు దాకా, మేము పోము తాతా, పని మూసేద్దాం అని. భయపడినారు. సరే. నేను నిన్న మధ్యాహ్నం కర్ర పట్టుకుని రాయి దగ్గరికి పోయి వచ్చినా. గాలి పడిపోయి ఏడు రోజులైంది, ఇసుక కదల్లేదు, పోసిన గంప పోసినట్లే కుప్పగా ఉంది. మూడు జీపులు, ఒక్కోటి రోజుకొక ట్రిప్పు, ట్రిప్పుకు రెండు గంపలు, ఏడు రోజులు. నలభై రెండు కుప్పలు ఉండాల. ఆడ ఉండేవి పదకొండు. మిగతా ముప్పై ఒకటి ఎటు పోయినాయి? మోయడం బద్ధకమై చెట్టువైపు పారతో ఎగజిమ్మింది ఎవరు? నేను అడగను. ఎవరి మొహం ఎర్రగా ఉందో ఈ లాంతరు వెలుగులోనే కనిపిస్తా ఉంది.

పని మూసేది లేదు. ముప్పై ఎనిమిది వేల జీపుతో మూయనివాణ్ణి, డెబ్బై ఒకటో ఏట, ఆరు కుటుంబాలు తినే పనిని మూస్తానా? ఆమె అడిగేది ఆమె వాకిలి. అది ఇచ్చేస్తే మన దారి మనకు వస్తాది. ఇయ్యకుండా దారి అడిగేదానికి నాకు నోరు లేదు.

కాబట్టి వినండి. రేపు మీరెవరూ ఆ చెట్టు దగ్గరికి రావద్దు. వచ్చేదే అయితే పార తేవద్దు, యాక్సిలరేటర్ మీద నిలబడే కాళ్లు అసలే తేవద్దు. వెనక నుంచి ఎవరైనా ఏదైనా అడిగితే కోపంగా మాత్రం జవాబు చెప్పొద్దు, ఆ తప్పు నేను ఒకసారి చేసినా, చాలు.

నేనా? నాకు మోయాల్సిన గంపలు ముప్పై ఒకటున్నాయి. ఎండ ఎక్కకముందే అయిపోవాల. లింగక్కా, రొట్టెలు దేంట్లోనైనా పెట్టుకో, ఆ గంప ఇటియ్యి.