కరెంటు పోతే

మా అమ్మాయి హాల్లో ఉప్పునీటి చేపల తొట్టి పెట్టింది. ఆ నీళ్లు వడకట్టడానికి కింద అరలో ఉండే చిన్న తొట్టిని, అంటే సంపును, తనే గాజుపలకలు అతికించి తయారుచేసింది. పై నీళ్లు అందులోకి దిగితే, మోటారు వాటిని పైపులోంచి మళ్లీ పైకి తోస్తుంది. చేపలు మర్నాడు రావాలి.

“సంపులో ఇంత నిండుగా పోశావేమిటే? పైన నాలుగు వేళ్ల చోటే ఉంది.”

“నీళ్లు ఎక్కువుంటే చేపలకు మంచిదమ్మా.”

“మోటారు ఆగిపోతే పై తొట్టి నీళ్లు కిందికి రావూ?”

“పైపులో ఉన్న చెంబుడు నీళ్లే దిగుతాయి. లెక్క వేశాను.”

“నాకు లెక్కలు రావు. పాలు కాచేటప్పుడు గిన్నెలో సగమే పోస్తాను. ఆ పక్కనే ప్లగ్గుల బోర్డు నేలమీద పడేశావు, నువ్వేమో చెప్పుల్లేకుండా తిరుగుతావు.”

“నీకు గాలి వీస్తే తుఫానే.”

“ఒక్కసారి ఆపి చూడవే, నా తృప్తి కోసం.”

“సరే, ఆపాను. ఏమైంది?”

“కింద పెరుగుతున్నాయి.”

“పెరిగి ఆగుతాయిలే.”

“ఆగడం లేదే. నేను మెయిన్ ఆపేస్తున్నాను, నువ్వు ఆ బోర్డు ముట్టుకోకు.”

“అమ్మా, పైపు మూతి పై తొట్టిలో మరీ లోతుగా దించేశాను. అది నీళ్లన్నీ వెనక్కి లాగేస్తోంది.”

“అయితే మూతి పైకెత్తు.”

“ఎత్తాను. ఆగింది.”

“అంచు దాటాయా?”

“లేదు. గోరంత మిగిలింది.”

“రేపు నువ్వు ఆఫీసులో ఉండగా కరెంటు పోతే ఏమయ్యేది?”

అమ్మాయి తడిచేతులు తుడుచుకుని నావైపు తిరిగింది.

“ఇంకా ఏమేం భయాలున్నాయమ్మా నీకు? ఇప్పుడే చెప్పు.”

“కాగితం తెచ్చుకుని కూర్చో.”