క్యాబేజీ జాడీలో ఉక్కు ముక్క

జర్మనీలో హాంబుర్గ్‌ను వరద ముంచెత్తిన మరుసటి ఏడు, 1963. కీల్ రేవులో జలాంతర్గాములు కట్టే ఇంజనీరు రైకే తన ఇంట్లో భోజనానికి కూర్చున్నాడు. భార్య గేజా జాడీ పట్టుకొచ్చింది.

"ఏవండీ, ఇది చూశారా?"

"ఏంటది?"

"మీ జలాంతర్గామి ఉక్కు. ఊరేసిన క్యాబేజీ మీద బరువుకని మీరు తెచ్చిన ముక్క. నిలువునా చీలింది."

"కింద పడేసుంటావ్."

"ఉప్పునీళ్ళలో కూచున్నది ఎక్కడ పడుతుందండీ! మా అమ్మ జాడీలో గులకరాయి ముప్పై ఏళ్ళుంది, ఒక్క బీట లేదు."

"రాయికి అయస్కాంతం అంటదు, అందులో గొప్పేముంది? ఉక్కయ్యుండీ అంటకపోవడం మా గొప్ప. సముద్రంలో శత్రువు పెట్టే మందుపాతరలు ఇనుము వాసన పట్టి పేలతాయి. మా పడవని పోల్చుకోలేవు."

"మందుపాతర పోల్చుకోదు సరే. ఉప్పు పోల్చుకుందిగా!"

"నీ జాడీలో ఉప్పెక్కువ. మన బాల్టిక్ సముద్రం చప్పిడి."

"చప్పిడో ఉప్పనో, రేపు తొలి మునకకి వెళ్ళేది మా తమ్ముడండీ. పడవకెక్కడా బీటల్లేవా?"

"బీటలు కావు. గీతలు."

"ఎన్ని?"

"రంగు వేయించాం."

"నేనడిగింది రంగు కాదు."

"చూడు గేజా, మునక చూడ్డానికి మంత్రిగారొస్తున్నారు. యుద్ధం ఓడాక ఇన్నాళ్ళకి గెలిచినవాళ్ళు మనల్ని జలాంతర్గాములు కట్టుకోనిచ్చారు. అదీ బుల్లి పడవలే. ఇప్పుడు బీటలంటే లోకం నవ్వదూ?"

"నవ్వితే ఎవరూ చావరు. మా తమ్ముడు హెన్నింగ్‌కి పాతికేళ్ళు."

"సరే, సరే. పొద్దున్నే వెళ్ళి వాణ్ణి తప్పిస్తా. ఎవరికీ చెప్పకు."

"మరి మిగతావాళ్ళో?"

"సూప్ చల్లారిపోతోంది."

మర్నాడు పొద్దున్నే రైకే రేవుకెళ్ళి, పడవ కెప్టెన్ టామ్‌ని పక్కకి పిలిచాడు.

"కెప్టెన్ గారూ, మా బావమరిది హెన్నింగ్‌కి జ్వరం. ఇవాళ్టికి వదిలెయ్యండి."

"వాడికీ జ్వరమేనా!"

"వాడికీ అంటే?"

"వంటవాడికి జ్వరం. యంత్రాల దగ్గరివాళ్ళందరికీ జ్వరం. చుక్కాని పట్టేవాడికైతే జ్వరం, విరేచనాలు కూడా."

"అంటువ్యాధేమోనండీ?"

"అంటువ్యాధే. పోయిన క్యాబేజీ కోతలప్పుడు, మీరే కొత్త ఉక్కని మురిసిపోయి సిబ్బందికి తలో ముక్కా పంచారు, గుర్తుందా? జాడీలో వేసుకోమని."

"ఏదో ముచ్చటపడి..."

"కీల్‌లో క్యాబేజీ ఊరెయ్యని ఇల్లుందా ఇంజనీరు గారూ? ఆడవాళ్ళు చీలిన ముక్కలు పట్టుకుని మా ఇంటికి క్యూ కట్టారు. మా ఆవిడదీ పగిలింది."

"అయితే ఇవాళ మునక లేనట్టేనా?"

"ఎందుకు లేదూ? మంత్రిగారు బయల్దేరారట. పడవ భేషుగ్గా ఉందని సంతకం పెట్టినవాడు తొలి మునకకి ఎక్కాలని మన రేవు ఆచారం. సంతకం మీదేగా, పదండి, పడవలోకి మీరు ముందు దిగండి."

"కెప్టెన్ గారూ..."

"చెప్పండి."

"రాత్రి నుంచి నాకూ ఒళ్ళు వెచ్చగానే ఉందండీ. మంత్రిగారితో నేనే చెప్తాను. పడవకి కూడా జ్వరమేనని."